ఎడమ ముందు చక్రం

ఫిబ్రవరి, రెండో ఆదివారం. ఉదయం. స్థలం: ఎల్బీనగర్‌లో మా వీధి చివరి ఇంటి పోర్టికో. హాజరైనవారు: ఇంటి యజమాని, అనగా ఆయన, ఆయన శ్రీమతి సుభద్రమ్మగారు, ఆటోనగర్‌లో లేత్ పెట్టుకుని ఇనుప సామాను చెక్కే యాదయ్య, మా కాలనీ సంఘం ప్రెసిడెంటుగారు, నేను. విషయం: ఆయన ఇంట్లో తయారుచేసిన కారు బ్రేకు తొక్కితే ఎందుకు వణుకుతోంది?

ఇది నా పాత డైరీలోని ఒక పేజీ మొదటి భాగం. తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఎవరెవరు ఉన్నారో ముందు రాసుకుంటే తప్ప, ఏం జరిగిందో రాయడం నాకు చేతకాదు.

ఆ పేజీ తీయాల్సిన పని మొన్న పడింది. దిల్‌సుఖ్‌నగర్‌లో చెప్పులు కొనుక్కుని, మెట్రో మెట్లు ఎక్కే ఓపిక లేక క్యాబ్ ఎక్కాను. కొత్తపేట దగ్గర ఒక షేర్ ఆటో, ఎవరో చెయ్యి ఊపారని, రోడ్డు మధ్యలోనే ఆగిపోయింది. మా డ్రైవరు బ్రేకు తొక్కాడు. కారు ఆగింది కానీ, చలిజ్వరం వచ్చినవాడిలా గజగజ వణికి ఆగింది. నా నోట్లోంచి మాట దానంతట అదే వచ్చేసింది.

"డిస్కు మార్చినప్పుడు వెనకాల హబ్బు శుభ్రంగా తుడిచారా బాబూ?"

డ్రైవరు అద్దంలోంచి నన్ను, నా ఒళ్లో ఉన్న చెప్పుల డబ్బాను చూశాడు. "ఏంది అంకుల్, నువ్వు మెకానిక్‌వా?"

"కాదు నాయనా. మెకానిక్కుల తగాదాలో సాక్షిని."

ఆ కారు కట్టిన ఆయన పోయిన వానాకాలంలో పోయారు. కాలనీ హాల్లో సంతాపసభ పెట్టాం. వక్తలందరూ ఆయనను హేతువాది అన్నారు. దేనికీ తలవంచని మనిషి అన్నారు. కొలతకు దొరకనిదాన్ని నమ్మని మనిషి అన్నారు. ఒక వక్త అయితే ఆయన ఫొటోకు బొట్టు పెట్టి, దండ వేసి, దీపం వెలిగించి, అగరుబత్తులు తిప్పి, ఆ పొగలోనే నిలబడి ఆయన హేతువాదం గురించి చాలాసేపు మాట్లాడాడు. ఆయన ఎక్కడ పుట్టారు, ఏం చదివారు, ఎన్ని కాలేజీలు మారారు అన్నవన్నీ ఆ వక్తే చెప్పేశాడు కాబట్టి నాకు ఆ శ్రమ తప్పింది.

సభ అయ్యాక సుభద్రమ్మగారు నా దగ్గరకు వచ్చారు. "ఎవరి గురించండీ అన్నయ్యగారూ వీళ్లు మాట్లాడింది? ఇంత పాఠ్యపుస్తకంలాంటి మనిషితో నేనెప్పుడు కాపురం చేశాను? మీరు రోజూ రాస్తారుగా, ఉన్నదున్నట్టు మీరు రాయండి" అన్నారు.

అందుకని రాస్తున్నాను. ఆదివారం సంగతి ఆవిడకు తెలుసు. మర్నాటి పొద్దున ఆవిడ అక్కడ లేరు. ఇది చదివితే తెలుస్తుంది.

ఆయన దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో ఫిజిక్స్ చెప్పేవారు. ఒకే హాల్లో వందలమంది, కాలరుకు మైకు. అందువల్ల ఒక్క మనిషితో మాట్లాడటం ఎలాగో ఆయన మరిచిపోయారు. మనతో మాట్లాడుతూ మన తల మీదుగా చివరి బెంచీని చూసేవారు. పాలవాడు లెక్క అడిగినా సరే, ఎడమ చెయ్యి పైకెత్తి "సైలెన్స్" అన్నాకే జవాబు చెప్పేవారు. పాలవాడు ఒక్కడే ఉండేవాడు, వాడూ మాట్లాడేవాడు కాదు.

చొక్కా జేబులో ఎప్పుడూ చాక్‌పీసు. గోడ, గేటు, ఆగి ఉన్న లారీ వెనక తలుపు, ఏది దొరికితే దాని మీద బొమ్మ గీసి వివరించేవారు. ఒకసారి నా మోకాలి నొప్పికి కారణం చెబుతూ నా పంచె మీదే గీశారు. నొప్పి తగ్గలేదు కానీ కారణం బాగా అర్థమైంది.

ఏ ప్రశ్నకైనా ఆయన నేరుగా జవాబు చెప్పరు. నాలుగు ఆప్షన్లు ఇస్తారు. "ఏం కూర చెయ్యమంటారండీ?" అని ఆవిడ అడిగితే, "ఎ, వంకాయ. బి, బెండకాయ. సి, పై రెండూ. డి, ఏదీ కాదు" అనేవారు. ఆవిడ డి పెట్టిన రోజులు కూడా ఉన్నాయట. పెళ్లి భోజనాలకు మార్కులు వేసేవారు. పులిహోర బాగుంటే నాలుగు, బాగోకపోతే మైనస్ ఒకటి. ఆ మాట పెళ్లికూతురి తండ్రికి వినపడేలా చెప్పేవారు.

ఇన్ని మార్కులు వేసిన మనిషి తనకు తాను తక్కువ వేసుకోగా నేను చూడలేదు. ఎప్పుడైనా తన లెక్క తప్పిందని తేలితే ఆయన దగ్గర ఒక మాట ఉండేది: "ప్రశ్నలోనే తప్పుంది. అందరికీ మార్కులు కలపాలి." మా వీధి మలుపులో నీళ్ల ట్యాంకరు పడుతుందని కొలిచి చెప్పి, ట్యాంకరును ఇరికించి, ప్రెసిడెంటుగారి ప్రహరీ కూలిన రోజున కూడా అదే మాట అన్నారు. ప్రహరీకి మార్కులు కలిసినట్టు లేదు. గోడ మళ్లీ కట్టించుకోవాల్సి వచ్చింది.

రిటైరయ్యాక మా కాలనీ మగవాళ్లు సాధారణంగా రెండు పనులు చేస్తారు. పార్కులో నడుస్తారు, నడుస్తున్నవాళ్ల గురించి మాట్లాడతారు. ఆయన కారు కట్టడం మొదలుపెట్టారు. ఒక పాత వ్యాను కొని, దాని ఇంజను, ముందు చక్రాల సామాను ఉంచుకుని, మిగిలింది పాత ఇనుముకు వేసేశారు. పోర్టికోలో గొట్టాలు కోసి, తానే వెల్డింగ్ చేసి, చట్రం కట్టారు. బానెట్టు పాత బీరువా తలుపుతో చేసింది, అందుకే దానికి తాళంచెవి ఉండేది. గేటుకు వేయగా మిగిలిన ఆకుపచ్చ రంగు వేశారు. కాగితాల ప్రకారం అది ఇంకా తెల్ల వ్యానే. ఆ కాగితాల్ని, ఈ కారుని ఒకేచోట పెట్టి చూసే పోలీసు ఎదురుకాకుండా, పొద్దున్నే తప్ప బయటికి తీసేవారు కాదు.

మొదటిసారి బండి బయటికి తీసిన రోజున సుభద్రమ్మగారు పళ్లెంలో పసుపు, కుంకుమ, అక్షతలు, కొబ్బరికాయ పట్టుకుని వచ్చారు. ప్రెసిడెంటుగారు చక్రాల కింద పెట్టడానికి నిమ్మకాయలు తెచ్చారు. ఆయన చెయ్యి పైకెత్తారు.

"బండికి బొట్టు పెడితే ఘర్షణ గుణకం మారుతుందా? ఎ, పెరుగుతుంది. బి, తగ్గుతుంది. సి, మారదు. చెప్పు."

"మారకపోతే మానె. నా తృప్తి కోసం పెట్టనివ్వండి" అన్నారు ఆవిడ.

"తృప్తికి యూనిట్ ఏమిటి?"

ఆవిడ పళ్లెం లోపలికి తీసుకెళ్లిపోయారు. ఆ నిమ్మకాయలతోనే షర్బత్ చేయించి, తెచ్చిన ప్రెసిడెంటుగారికే ఇచ్చారు ఆయన.

ఆ పూటే కారు వణకడం మొదలుపెట్టింది. మామూలుగా నడిచేటప్పుడు బుద్ధిగానే ఉండేది. కాస్త వేగంలో బ్రేకు తొక్కితే మాత్రం, పెడల్ కింది నుంచి ఎవరో ఎదురు తన్నుతున్నట్టు ఉండేది, స్టీరింగు చేతుల్లో అదిరేది. కాలనీలో ఈ వార్తకు వచ్చినంత సంతోషం ఈ మధ్య దేనికీ రాలేదు. ఆయన కూడా దాన్ని దాచుకోలేదు. వచ్చినవారినల్లా ఎక్కించుకుని, హయత్‌నగర్ వైపు కాస్త దూరం పోనిచ్చి, బ్రేకు తొక్కి, "ఇప్పుడు చెప్పండి" అనేవారు. ఒకాయన టైర్లు అన్నాడు. ఒకాయన రోడ్డు అన్నాడు. ప్రెసిడెంటుగారికి మాత్రం మొదటి నుంచీ సందేహం లేదు. "పూజ చెయ్యలే. పైగ నీ పోర్టికోల ఆగ్నేయం మూసినవ్. ఇగ బండి వణకక ఏం చేస్తది సార్?"

"అభిప్రాయాలు వద్దు. కొలిచి మాట్లాడండి" అనేవారు ఆయన. ఇది ఆయన ఊతపదం. అయితే ఈసారి కొలవకముందే ఆయన తీర్పు చెప్పేశారు. తప్పు డిస్కుది. ముందు చక్రాలకు బ్రేకు డిస్కులు పాత మార్కెట్లో కొని, యాదయ్య లేత్ మీద నున్నగా చెక్కించారు. డిస్కు అంటే చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లెం. దాన్ని రెండు వైపుల నుంచి బ్రేకు ప్యాడ్లు నొక్కితే బండి ఆగుతుంది. ఆ పళ్లెం అంచు వెంట్రుకవాసి అటూ ఇటూ ఊగుతూ తిరిగినా ప్యాడ్లకు దెబ్బ తగులుతుంది, పెడల్ వణుకుతుంది. ఆ ఊగడాన్ని రనౌట్ అంటారని ఆయన మా అందరికీ క్లాసు తీసుకున్నారు.

"అయితే క్రికెట్లో లాగే. పరుగు పెట్టమన్నది ఒకడు, అవుటయ్యేది ఇంకొకడు" అన్నారు సుభద్రమ్మగారు, చిక్కుడుకాయలు ఒలుస్తూ.

ఆయన ఆ మాట పట్టించుకోలేదు. ఆటోనగర్ వెళ్లారు. యాదయ్య షెడ్డు పక్కనే చాయ్ బండి ఉంటుంది. అక్కడ డ్రైవర్లు, వ్యాన్ల వాళ్లు నిలబడి ఉంటారు. ఆయనకు చాలా రోజుల తర్వాత నిండు క్లాసు దొరికింది. పక్క షట్టరు మీద లేత్ బొమ్మ గీశారు, దాని ఇరుసు వంకరగా గీశారు, ఆ వంకర డిస్కులోకి ఎలా వస్తుందో బాణం గుర్తులతో చూపించారు. చాయ్ చల్లారేదాకా అందరూ విన్నారు. వర్షం పడితే తప్ప ఆ బొమ్మ షట్టరు మీంచి పోదు. మన దగ్గర ఆ నెలల్లో వర్షం పడదు.

తర్వాతి శనివారం సాయంత్రం యాదయ్య పోర్టికోకు వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. యాదయ్యది నల్లగొండ వైపు. అణకువ గల మనిషి అని ఎవరూ అనరు. తన లేత్ మీద చేసిన పనిని విశ్వకర్మ కూడా వంక పెట్టలేడని విశ్వకర్మ పటం ముందే నిలబడి చెప్పే రకం. ఆ రోజు మాత్రం గొంతు తగ్గించి మాట్లాడాడు.

"సార్, నువ్వు సదువుకున్నోనివి. కాదంటలేను. గని చాయ్ బండి కాడ నిలవడి, నా లేత్ వంకరని బొమ్మ గీస్తవా? స్కూల్ వ్యానాయన తన డిస్కులు వాపస్ తీస్కపోయిండు. రేపు ఇంకొకడు తీస్కపోతడు. నా దుకానం ఎట్ల నడవాలె?"

"నేను నిన్ను అనలేదయ్యా. లేత్‌ను అన్నాను."

"లేత్‌కు ఇజ్జత్ ఉంటదా సార్? నాకుంటది."

"సరే, కొలుద్దాం" అన్నారు.

"కొలు. అందరి ముంగట కొలు. నా డిస్క్ వంకరుంటే రేపట్సంది డిస్కుల పని ముట్ట. సక్కగుంటే మాత్రం, గదే చాయ్ బండి కాడ, గాళ్ల ముంగటనే, తప్పు నాదని నువ్వు చెప్పాలె."

"చెబుతాను."

గుమ్మంలోంచి సుభద్రమ్మగారు అన్నారు: "ఏవండీ, మీకు ఆ మాట పలకడం వచ్చా? రాత్రికి కాస్త సాధన చేసుకోండి."

అలా ఆదివారం మేమందరం హాజరయ్యాం. నన్ను పిలిచింది ముల్లు చదవడానికి. జీవితమంతా కిరాణా కొట్ల తక్కెడ ముల్లు చూసిన కళ్లు కాబట్టి రెండు పక్షాలూ ఒప్పుకున్నాయి. కొలిచే సాధనం డయల్ గేజి. చిన్న గడియారంలా ఉంటుంది, కింద సన్నని పుల్ల. ఆ పుల్లను డిస్కు అంచుకు ఆనించి, డిస్కును చేత్తో నెమ్మదిగా తిప్పితే, అంచు ఎక్కడ ఎత్తయితే అక్కడ ముల్లు కదులుతుంది. ఆయన గేజిని యాదయ్య నమ్మలేదు. యాదయ్య గేజిని ఆయన నమ్మలేదు. రెండింటినీ ఒకేచోట ఆనించి చూశాం. రెండూ ఒకటే చెప్పాయి. ఇద్దరికీ కొంచెం నిరాశ కలిగింది.

ముందు చక్రం పట్టుకుని ఊపి, బేరింగులో కదలిక లేదని చూశారు. కుడి చక్రం విప్పి, డిస్కు కదలకుండా నట్లు బిగించి కొలిచాం. ముల్లు దాదాపు కదల్లేదు.

"చూసినవా!" అన్నాడు యాదయ్య.

"ఇంకోటి ఉందిగా" అన్నారు ఆయన.

ఎడమ చక్రం విప్పి గేజి ఆనించాం. తిప్పడం మొదలుపెట్టగానే ముల్లు పక్కకు పోయి, వెనక్కు వచ్చి, మళ్లీ పోయింది.

"చూశావా!" అన్నారు ఆయన.

"చూసిన. నీ హబ్బు వంకర. నువ్వు వెల్డింగ్ పెట్టినప్పుడే మొత్తం గుంజుకపోయింది" అన్నాడు యాదయ్య.

"నీ డిస్కు వంకర."

"నీ హబ్బు."

"ఆగ్నేయం" అన్నారు ప్రెసిడెంటుగారు.

ఇక్కడ ఆయన చేసిన పని ఒకటి చెప్పాలి. డిస్కు వెనక, దాన్ని మోసే దిమ్మను హబ్బు అంటారు. ముల్లు ఎక్కువగా పోయినచోట డిస్కు మీద ఒక చాక్‌పీసు గీత గీశారు, దానికి ఎదురుగా హబ్బు మీద ఇంకో గీత గీశారు. "ఇప్పుడు డిస్కు తీసి, ఒక బోల్టు పక్కకు తిప్పి బిగిద్దాం. తప్పు డిస్కుదైతే, ఎత్తు డిస్కు గీతతో పాటు పక్కకు జరగాలి. హబ్బుదైతే ఉన్నచోటే ఉండాలి" అన్నారు. మేమెవరం అడగలేదు. ఆ గీతలు గీయకుండా ఉంటే తగాదా సాయంత్రం దాకా సాగి, చదువుకున్నవాడి మాటే నెగ్గేది. ఆ సంగతి ఆయనకు తెలియదని నేననుకోను. మనుషులకు మార్కులు వేయడంలో ఆయన ఎంత అన్యాయంగా ఉండేవారో, ఇనుముకు వేయడంలో అంత న్యాయంగా ఉండేవారు.

డిస్కు తీశారు. అందరం డిస్కునే చూస్తున్నాం. ముద్దాయి కదా. ఒక బోల్టు తిప్పి, మళ్లీ బిగించి, గేజి పెట్టారు. నేను చదివాను. ఎత్తు హబ్బు గీత దగ్గరే ఉంది.

"మళ్లీ చూడండి ఇన్‌స్పెక్టర్ గారూ" అన్నారు ఆయన. చూశాను. అదే. బనియను అంచుతో కళ్లజోడు తుడుచుకుని, ఆయనే వంగి చూశారు. నిటారుగా నిలబడ్డారు.

"డిస్కు చక్కగా ఉంది" అన్నాను నేను.

"జర గట్టిగ చెప్పు ఇన్‌స్పెక్టర్ సాబ్. పైన కిరాయికుండేటోళ్లకు గూడ ఇనవడాలె" అన్నాడు యాదయ్య. ఆ వెంటనే, గెలిచినవాడు ఊరుకోవాల్సిన చోట ఊరుకోకుండా, "నేను చెప్పలే? హబ్బు వంకర. ఇగ ఈ బండి పాత ఇనుప దుకానానికే" అని తన తీర్పు కూడా ఇచ్చేశాడు. ఆయన డిస్కు మళ్లీ తీశారు. ఈసారి అందరం హబ్బును చూశాం.

హబ్బు ముఖం మీద, ఒక బోల్టు పక్కన, గుండ్రంగా ఏదో ఎండి అతుక్కుని ఉంది. మధ్యలో చదునుగా నలిగిన గింజ ఒకటి. బల్ల కాలి కింద మడిచిన కాగితం పెడితే బల్ల ఎలా ఒరుగుతుందో, అలా ఆ గింజ మీద డిస్కు ఒక పక్కకు ఒరిగి కూర్చుంది. నడుమ దగ్గర గింజంత తేడా, అంచుకు వచ్చేసరికి పెద్దదైంది.

ప్రెసిడెంటుగారు వేలితో గీకి వాసన చూశారు. "పసుపు" అన్నారు. ప్రెసిడెంటుగారి ముఖంలో ఆ వెలుగు సంఘం ఎన్నికల్లో గెలిచిన రోజున కూడా చూడలేదు. "పసుపు, కుంకుమ, అక్షింత!"

మేం నలుగురం సుభద్రమ్మగారి వైపు చూశాం.

"నన్నెందుకు చూస్తారు? ఈ బండి మీద చెయ్యి వేయనిచ్చారా నన్ను?" అన్నారు ఆవిడ. ఆ తర్వాత ఆయన వైపు తిరిగారు. ఆవిడ తిరిగాక మేమూ తిరిగాం.

ఆయన చెయ్యి పైకెత్తారు. ఎవరూ మాట్లాడటం లేదు. "ఎ, గాలికి ఎగిరివచ్చి పడి ఉండవచ్చు. బి, ఎలుక తెచ్చి ఉండవచ్చు..."

"సి చెప్పండి" అన్నారు ఆవిడ.

"పై రెండూ."

"ఎలుక బొట్టు పెట్టదు గద సార్" అన్నారు ప్రెసిడెంటుగారు ఎంతో మర్యాదగా.

"పెట్టినా గింత గుండ్రంగ పెట్టదు. మీదికెళ్లి అక్షింత గూడ ఏసింది సూడు. పెండ్లి చేసినట్టు" అన్నాడు యాదయ్య.

సుభద్రమ్మగారు వంగి ఆ గింజను పరీక్షగా చూశారు. "ఇవి మా ఇంటి అక్షతలే. నెయ్యి వేసి కలిపినవి. పూజగదిలో పై అరలో, ఇత్తడి డబ్బాలో ఉంటాయి" అన్నారు. కాస్త ఆగి, "ఆ డబ్బా ఎక్కడుంటుందో ఈయనకు తెలియదనుకున్నాను ఇన్నాళ్లూ" అన్నారు.

ఆయన కిరోసిన్ గుడ్డ అడిగారు. హబ్బు ముఖం తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ తుడిచారు. అవసరమైనదానికంటే చాలాసేపు తుడిచారు. డిస్కు బిగించి గేజి పెట్టాం. ముల్లు నిద్రపోయినట్టు ఉంది. ఆవిడ టీ తెచ్చి మొదటి కప్పు యాదయ్యకు ఇచ్చారు. యాదయ్య తాగి, గేజిని తువ్వాల్లో చుట్టుకుని, "రేపు పొద్దుగాల సూస్తుంట సార్" అని వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున ఆయన నన్ను రమ్మన్నారు. ఆకుపచ్చ కారులో ఎడమవైపు కూర్చున్నాను. ఎల్బీనగర్ చౌరస్తాలో అడ్డదిడ్డంగా వచ్చిన సిటీ బస్సుకు బ్రేకు తొక్కాల్సి వచ్చింది. కారు గ్లాసులో పాలు తొణకనంత మెత్తగా ఆగింది. ఇంకో రోజైతే ఆ బస్సు డ్రైవరును కూడా ఎక్కించుకుని చూపించేవారు. ఆ రోజు నేరుగా ఆటోనగర్ వైపు పోనిచ్చారు.

చాయ్ బండి దగ్గర జనం ఉన్నారు. స్కూల్ వ్యానాయన కూడా ఉన్నాడు. యాదయ్యే కబురు పెట్టి పిలిపించి ఉంటాడు. యాదయ్య మాత్రం షెడ్డులో ఉండి, మమ్మల్ని చూడనట్టే లేత్ తిప్పుతున్నాడు. దాని మీద సామాను ఏదీ లేదు. ఉత్త లేత్ తిరుగుతోంది.

ఆయన షట్టరు దగ్గరకు వెళ్లారు. పాత బొమ్మ ఇంకా ఉంది. దాన్ని చేత్తో తుడిచి, చాక్‌పీసు తీసి హబ్బు గీశారు, డిస్కు గీశారు. "నిన్న జరిపిన పరీక్షలో, హబ్బుకూ డిస్కుకూ మధ్య ఒక అన్యపదార్థం చేరినట్టు తేలింది" అన్నారు.

యాదయ్య షెడ్డు గుమ్మంలోకి వచ్చాడు. "అన్యపదార్థం అంటే ఏంది సార్? గీళ్లకు సమజ్ కాదు. తెల్గుల చెప్పు."

"ఒక... ధాన్యపు కణం."

"అంటే?"

"బియ్యపు గింజ."

జనం నవ్వారు. ఒక డ్రైవరు "బండిల బియ్యం వండుతున్నరా సార్?" అన్నాడు.

"గది దానంతలదే నడుసుకుంట ఒచ్చిందా?" అన్నాడు యాదయ్య.

ఆయన చాక్‌పీసు జేబులో వేసుకున్నారు. బొమ్మ సగంలోనే ఉంది.

"యాదయ్య డిస్కు చక్కగా ఉంది" అన్నారు. "అతని లేత్ చక్కగా ఉంది. ఆ రోజు ఇక్కడ నేను చెప్పింది తప్పు. తప్పు నాది. ఆ గింజ పెట్టింది నేనే. బొట్టు పెట్టి, దాని మీద పెట్టాను. తర్వాత డిస్కు బిగించాను."

ఎవరూ నవ్వలేదు. స్కూల్ వ్యానాయన చాయ్ గ్లాసు బండి మీద పెట్టి, తన వ్యాను దగ్గరకు వెళ్లి, వెనక తలుపు తీసి డిస్కులు దించడం మొదలుపెట్టాడు. యాదయ్య అటు ఒకసారి చూసి, మళ్లీ ఆయన వైపు తిరిగాడు. గెలిచిన పందెం మీద ఇంకా కొంచెం వడ్డీ వసూలు చేయాలనిపించినట్టుంది.

"పెడితే పెట్టినవ్ గని సార్, బిగించినంక బయట పెట్టాలె గద?"

"బయట పెడితే కనబడుతుంది" అన్నారు ఆయన.

"అట్లనా! మరి కుడి చక్రంల ఏం లేకపాయె. ఒక్క ఎడమ దిక్కే పెడితివి. ఎందుకు?"

ఆయన కారు వైపు చూశారు. నేను అప్పటికే దిగిపోయాను. సీటు ఖాళీగా ఉంది.

"అటు మా ఆవిడ కూర్చుంటుంది."

యాదయ్య లోపలికి వెళ్లి, ఉత్తగా తిరుగుతున్న లేత్‌ను ఆపేశాడు.